పక్కన మామూలు బియ్యం

ప్రయోగశాలలో అందరూ ఆమెను బియ్యం మేడమ్ అంటారు. జన్యువులు మార్చిన వరి తినడానికి పనికొస్తుందో లేదో తేల్చే పెద్ద పనిలో ఆమెది ఒక చిన్న మూల. బియ్యాన్ని పిండి పట్టి, అందులో ఫైటిక్ ఆమ్లం ఎంతుందో కొలుస్తుంది. అది ఏ బియ్యంలోనైనా ఉండేదే. మరీ ఎక్కువైతే మాత్రం మనం తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఆమెది ఉడుంపట్టు. కొత్త బియ్యంతో పాటు, దాని పక్క మడిలోనే పండిన మామూలు బియ్యం కూడా బల్ల మీదికి వస్తే తప్ప మర ముట్టదు. ఆ రోజు కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒక్క సంచే పట్టుకొచ్చి, సాయంత్రానికల్లా అంకె కావాలన్నాడు.

"ఒక్కదాన్నే కొలిచి ఏం చెప్పమంటారు సార్? ఎక్కువో తక్కువో పక్కదాన్ని చూస్తేనే కదా తెలిసేది!" అని సంచిని వెనక్కి తోసేసింది. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి అన్నం వండుకుంది. భర్త పోయిన ఈ ఏడాదిలో గ్లాసుడు బియ్యం కాస్తా అరగ్లాసయింది. కంచం ముందు కూర్చుందో లేదో చెల్లెలు ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావక్కా?"

రోజూ ఆలోచించకుండా "బాగానే ఉన్నానే" అనేసేది. ఇవాళ పక్కన ఖాళీగా ఉన్న పీట వైపు చూసింది.

"ఏం చెప్పనే? ఒక్కదాన్నే కదా" అంది.