కూడు సల్లారిపోతన్నాది

మా బావ గిరిబాబుకి సినిమా పిచ్చి అని ఊరంతా అంటారు. పిచ్చీ కాదు పాడూ కాదు, తీర్పు చెప్పే సరదా అని నేనంటాను. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయి ఇరవై రెండేళ్లయినా బావా అనే పిలుస్తాను. తిట్టాలన్నా ఆ పిలుపే నాకు వీలు. శ్రీకాకుళంలో ఒక కాలేజీ ఆఫీసులో ఆయన గుమస్తా. శుక్రవారం వస్తే మాత్రం సెలవు చీటీ రాసి పడేసి, మార్నింగ్ షో చూసొచ్చి, మా పెరటి గోడ ముందు నిలబడి కొత్త సినిమా ఎలా ఉందో యూట్యూబులో చెబుతాడు. ఫోను పట్టుకునేది నేను. మన జిల్లాలోనూ పక్క జిల్లాలోనూ ఆయన మాట విని టిక్కెట్టు కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. థియేటర్ల వాళ్లు కూడా వింటారు. అదే వచ్చిన చిక్కు.

ఆయన పుట్టింది కోటబొమ్మాళిలో. చిన్నప్పుడు రైలెక్కి వచ్చి సినిమా చూసి వెళ్లి, మర్నాడు నాట్లు వేసేవాళ్లకి గట్టు మీద నిలబడి కథంతా చెప్పేవాడట. రాజైనా, రౌడీ అయినా, రాణి అయినా అందరూ మన యాసలోనే మాట్లాడేవారట. "ఈడు సెప్తంటే నడుం నొప్పి తెలిసీది కాదే" అని మా అత్త ఇప్పటికీ మురిసిపోతుంది. తరవాత హైదరాబాదులో ఒక పత్రిక సినిమా పేజీలో చేరాడు. ఈయన నోటెంట "ఏటి" అన్న మాట వస్తే చాలు, గదంతా నవ్వేదట. ఏడు నెలలు ఓర్చుకుని తిరిగొచ్చేశాడు. అప్పటికే నాలుక మారిపోయింది. ఇంట్లో "ఏటే, సారు పెట్టు" అని చారు అడిగే మనిషి, ఫోను ముందు నిలబడితే "ఏమిటంటే మిత్రులారా" అంటాడు. నేను వెక్కిరించేదాన్ని. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు, నా బుద్ధికి.

డిసెంబరు వస్తే చిన్న సినిమాలు గుంపుగా దిగుతాయి. ఆ ఏడాది లెక్కలోకి వస్తే అవార్డులకి పంపొచ్చని వాళ్ల తాపత్రయం. మా బావకీ అది పండగే. ఏటా ఆయన సొంతంగా పది అవార్డులు ప్రకటించి, షీల్డులు చేయించి, హైదరాబాదుకి పార్సిల్ చేస్తాడు. సగం తిరిగొచ్చేస్తాయి. మా అటక మీద ఉత్తమ నటుల షీల్డులు బోలెడున్నాయి.

మొన్న డిసెంబరులో ఒకే రోజు నాలుగు సినిమాలు చూశాడు. నాలుగోది మన సముద్రపు ఒడ్డున తీసింది. దాని పేరు ఇక్కడ రాయను, రాసే మొహం మాకు లేదు. యుగంధర్ అనే కొత్త కుర్రాడు తీశాడు. అందులో గున్నమ్మ అనే ఆవిడ ముఖ్య వేషం వేసింది. నటి కాదు, చేపలమ్ముకునే మనిషి. వేటకెళ్లిన భర్త తిరిగి రాడు. ఆవిడ ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూసి ఒకే ఒక్క మాట అంటుంది. "ఏటి మావా, కూడు సల్లారిపోతన్నాది, రావేటి?"

మా బావ ఆ మాటని గోడ ముందు నిలబడి, గొంతు సాగదీసి, కళ్లు తిప్పి అని చూపించాడు. "మనల్ని ఏడిపించాల్సిన చోట ఈ యాస నవ్విస్తోంది మిత్రులారా, ఇది హాస్యనటుల భాష" అన్నాడు. ఫోను వెనక ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు నాదే. ఫోను కూడా ఊగింది. ఆయన అలా చేస్తే రోజూ నవ్వుతాను, ఆ రోజూ నవ్వాను.

ఆ ముక్క ఒక్కటీ కోసి ఎవరో రీల్ చేశారు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడిన కాలేజీ పిల్లలు కూడా "రావేటి మావా" అని అరుచుకునేవారు. ఆదివారానికి సినిమా ఎత్తేశారు. అదే ఆదివారం గున్నమ్మ పల్లె నుంచి మూడు ఆటోల నిండా జనం, వేట మానుకుని, తెర మీద తమ మనిషిని చూద్దామని వచ్చారట. థియేటరు గేటు దగ్గర వేరే హీరో పోస్టరు ఉందట. ఈ సంగతి మాకు రెండు నెలల తరవాత తెలిసింది. అదీ యుగంధర్ చెబితేనే. అప్పటికి ఎక్కడో బయట రాష్ట్రంలో ఆ సినిమాకి అవార్డొచ్చి, మా బావ సిగ్గు విడిచి ఫోన్ చేశాడు. అబ్బాయి తిట్టలేదు. సినిమా లింకు పంపాడు. తిట్టినా బాగుండేది.

బావ ఈసారి ఒక్కడే కూర్చుని మొత్తం చూశాడు. అన్నానికి రమ్మంటే రాలేదు. "ఏటి బావా, కూడు సల్లారిపోతన్నాది, రావేటి?" అని వంటింట్లోంచి అరిచాను. అన్నాక గాని నాకు తెలియలేదు, ఏమన్నానో. ఆయన అక్కడే తల పట్టుకుని ఏడ్చాడు.

ఆ వారమే ఉత్తమ నటి గున్నమ్మ అని షీల్డు చేయించి, ల్యాప్‌టాప్ కూడా సంచిలో పెట్టుకుని, ఇద్దరం బండి మీద ఆవిడ పల్లెకి వెళ్లాం. ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. బావ చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఏదో పెద్ద ప్రసంగం తయారు చేసుకున్నాడు. నోరు తెరిచేసరికి వచ్చిన మాటలు వేరు.

"తప్పయిపోనాది అమ్మా. నాను కోటబొమ్మాళి గుంటడినే. నా భాషని నానే ఎక్కిరించుకున్నాను. సినిమా తెచ్చినాను, సూడమ్మా."

ఆవిడ ల్యాప్‌టాప్ వైపు చూసింది. "పెద్ద తెర మీద సూద్దారని ఊరంతా ఒచ్చినాం బాబూ. ఈ పలకలో నానేటి సూస్తాను? ఉంచు." షీల్డు మాత్రం తీసుకుని, చెంగుతో తుడిచి, అరుగు మీద పెట్టింది.

ఇక వెళ్దామని నేను బావ చెయ్యి గిల్లాను. "పద బావా, ఎండెక్కుతోంది" అని చిన్నగా నవ్వాను, ఆ ఇబ్బంది తప్పించుకుందామని. గున్నమ్మ చేతిలో చేప అలాగే ఆగింది.

"ఆ నవ్వు నీదేనా తల్లీ? ఈడియోలో?"

అవునన్నాను. ఇంకేం అబద్ధం ఆడను?

"ఆ మాట డైరెక్టరు బాబు రాసింది కాదు. మా మావ ఎర్రన్న ఏటకెల్లి రానప్పుడు ఒడ్డున నిలబడి నాను అన్నదే. అదే మల్లీ అనమన్నాడు, అన్నాను. అందులో నవ్వు ఎక్కడొచ్చింది తల్లీ?"

కోపంగా అడిగి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మా అమ్మ కూడా ఇలాగే మాట్లాడతాది పిన్నీ" అన్నాను.

గున్నమ్మ చేతిలో చేప కింద పెట్టింది.

"మరి మీ అమ్మ ఏడిసినా నవ్వుతావేటి?"