పిలిస్తే పలికిన బాతు

నా చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే చాలు, నా చేతికి ఒక పాత డబ్బా, ఒక కట్టె ఇచ్చి చేనికి తోలేవారు. కొల్లాపూర్ అవతల కృష్ణ నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడే ఒండ్రుమట్టిలో మావాళ్లు శనగ చల్లేవారు. మొలక తలెత్తిందో లేదో, నెత్తిన నల్లచారలున్న పెద్దబాతులు మందలుగా దిగేవి. అవి మంచుకొండలు దాటి వస్తాయని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అప్పుడు మా ఇంట్లో వాటికున్న పేరు దొంగలు. నాకు మాత్రం వాటిని చూస్తుంటే డబ్బా కొట్టబుద్ధయ్యేది కాదు, అందుకు తిట్లు కూడా తినేదాన్ని.

ఒక ఏడు రెక్క దెబ్బతిన్న బాతు ఒకటి చేలో చిక్కింది. మా చిన్నాయన దాన్ని కోయకుండా తెచ్చి, "సాదుకో బిడ్డా" అని నాకిచ్చాడు. బాపు లేని పిల్లనని ఆయనకు నామీద ప్రేమ ఎక్కువని అందరూ అనేవారు, నేనూ నమ్మాను. రెక్కకు పసుపు రాశాను, నూకలు నానబెట్టి పెట్టాను. "దా, దా" అంటే చాలు, వాకిట్లో ఏ మూలనున్నా మెడ సాచి గట్టిగా పలికేది. చిన్నాయన అది విని మురిసిపోయి, మళ్లీ పిలవమనేవాడు.

రెక్క మానింది. ఒక పొద్దున, "పా, దాని తోటివాటిల్ల కలిపొద్దాం" అన్నాడు. ఏడుపొచ్చింది, అయినా సంతోషంగానే వెళ్లాను. నీళ్ల ఒడ్డున దాని కాలికి తాడు కట్టి, నేలలో పాతిన గూటానికి బిగించి, నన్ను తుమ్మపొద చాటున కూర్చోబెట్టాడు. కొత్త జాగా కదా, బాతు బెదిరి నోరు మెదపలేదు.

"నువ్వు పిలువు. నీ గొంతుకే అది పలుకుతది. అది పలికితే మంద దిగి తీస్కపోతది" అన్నాడు.

గొంతు చించుకుని పిలిచాను. అది పలికింది. పైన పోతున్న మంద ఒక్కసారి చుట్టు తిరిగి దాని పక్కనే వాలింది. బురదలో దాచిన వలలు అప్పుడు లేచాయి. చిన్నాయన, పొదల్లో పొంచి ఉన్న ఆయన జతగాళ్లు ఒక్కొక్కదాని మెడ విరుస్తుంటే నా బాతు తాడు చివర ఇంకా పలుకుతూనే ఉంది. ఆయన నా తల నిమిరి శభాష్ అన్నాడు. ఆ పూట కూర నాకూ వడ్డించిన మా అవ్వ, "మన చేను తిన్నదాన్ని మనం తింటే తప్పేంది?" అంది.

మర్నాడు మళ్లీ తీసుకుపోయాడు. నేను నోరు విప్పలేదు. బతిమాలాడు, చెంప పగలగొట్టాడు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. బాతు నా వైపే చూసింది, పలకలేదు. మంద మా మీదుగా సాగిపోయింది. గెలిచానని నాకు ఎంత గర్వమో!

చిన్నాయన తాపీగా పోయి తాడు విప్పాడు. "పలుకని బాతుకు నూకలు దండుగ" అంటూ నా కళ్లముందే దాని మెడ విరిచాడు. ఆ తరువాత నా వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు: "ఇట్ల జేస్తనని ముందుగాల చెప్పుంటే పిలుస్తుంటివి గదా బిడ్డా."

ఇప్పుడు ఆ బాతులను చూడడానికి ఆ ఒడ్డుకే కెమెరాలు పట్టుకుని జనం వస్తున్నారు. ఈ కథ చెబితే, మందను కాపాడావు నానమ్మా అంటుంది నా మనవరాలు. ఔనంటాను. చిన్నాయన పోయి ఎన్నో ఏళ్లయింది, ఆయన మీద కోపం కూడా పోయింది. పోనిది ఆ ఒక్క మాటే. ఆయన చెప్పింది నిజం. ముందే తెలిసి ఉంటే, పిలిచేదాన్ని.