మా వదిన పక్క చోటు

మా వదిన చొక్కాలకి కాజాలు కుట్టే మనిషి. మాట గడప దాటదు. నాలాంటి నోరున్న ఆడపడుచుకి అలాంటి వదిన దొరకడం అదృష్టమే, కాదనను. కానీ ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. ఆ మౌనం వల్లే కదా మా అన్నయ్యని బతికుండగానే చంపేశారు!

అన్నయ్య ఫ్యాన్లకి వైండింగ్ చేస్తాడు. నేనూ వాళ్లింట్లోనే ఉంటాను. పెళ్లయిన కొన్నాళ్లకి వదినకి పెద్ద జబ్బు చేసింది. అప్పుడు మంచం పక్కన కూర్చున్న చర్చివాళ్ల వల్ల ఆమె క్రీస్తుని నమ్ముకుంది. అన్నయ్య నమ్మలేదు. "నీ దేవుడు నీకు, నా నిద్ర నాకు" అని ఆదివారం ముసుగుతన్నేవాడు. అప్పటి పాస్టరుగారు వదినకి చెప్పారట: "నమ్మలేదని భర్తని వదలకూడదమ్మా. సతాయించనూ కూడదు. నీ నడత చూసి ఆయన తెలుసుకోవాలి." ఇక చూస్కోండి! ఆదివారం పెందలాడే వంట చేసి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, చప్పుడవకుండా తలుపు దగ్గరికి లాగి వెళ్లేది. అన్నం ముందు కళ్లు మూసుకుని పెదాలు కదిపేది. అంతసేపూ అన్నయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఆగేవాడు. పాపం, కళ్లు మూసుకున్న మనిషికి ఆ సంగతేం తెలుస్తుంది?

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు పళ్ల సంచితో వచ్చింది. అన్నయ్యే తలుపు తీశాడు.

"మీరు ఆమె తమ్ముడా బాబూ? పాపం, ఆమె భర్త పోయి ఎన్నాళ్లయింది?"

"నేనెప్పుడు పోయానండీ?" అన్నాడు అన్నయ్య.

నేను పడీ పడీ నవ్వాను. ఆవిడ మొహం మాత్రం పాలిపోయింది. వదిన చర్చిలో ఎప్పుడూ వెనక బెంచీలో, భర్తలు పోయిన ఆడవాళ్ల మధ్య కూర్చునేదట. భర్త ఊసే ఎత్తేది కాదట. ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది మరి?

ఆవిడ వెళ్లాక అన్నయ్య నవ్వడం మానేశాడు. "అక్కడ నేనసలు లేనా?" అన్నాడు.

"మీ ఆయన ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పుకోను? సిగ్గేసేది. జంటల మధ్య కూర్చోలేక వెనక్కి పోయాను" అంది వదిన.

"నన్నెప్పుడైనా రమ్మన్నావా?"

"అడుగు వదినా, ఇప్పుడైనా నోరు తెరువు!" అని కసిరాను.

"వచ్చే ఆదివారం రండి" అంది వదిన.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "రాలేను. లేని నమ్మకం ఉన్నట్టు అక్కడ కూర్చోలేను. గేటు దాకా వస్తా."

అన్నట్టే వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమె సంచి మోసి, గేటు దగ్గర చేతికిచ్చి, అందరూ చూస్తుండగా వెనక్కి తిరిగొచ్చాడు.

వదిన ఇంటికొచ్చి కంచాలు పెట్టింది. "ఎక్కడ కూర్చున్నావ్?" అన్నాను.

"కుటుంబాలు కూర్చునే బెంచీలో. పక్కన సంచి పెట్టుకున్నా. ఒకావిడ జరగమంది. మా ఆయన చోటండీ అన్నాను." అన్నయ్య వైపు చూడలేదు. "రారని తెలుసు. అయినా అన్నాను. ఇదివరకటి కన్నా ఒంటరిగా అనిపించింది."

నాకు ఏడుపొచ్చింది. ఆమె కళ్లు మూసుకుంది. ఆ పూట ప్రార్థన ఎంతకీ అవలేదు. అన్నయ్య ముద్ద చేతిలోనే ఎండిపోయింది. నోట్లో పెట్టుకోలేదు.