ఎనిమిదో నెల కుక్కపిల్ల

మా ఇంటికి వచ్చిన కొత్తలో కుక్కపిల్ల పిలవగానే పరుగెత్తుకొచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది. ఎనిమిదో నెల వచ్చేసరికి తన పేరే తెలియనట్టు తయారైంది. నేను గొంతు చించుకుంటుంటే ఒకసారి తల తిప్పి చూసి, మళ్లీ మల్లెపాదు తవ్వుకునేది. తాడు కట్టి వీధిలోకి తీసుకెళ్తే చేపల ఆటో వెనక నన్ను ఈడ్చుకుపోయేది. ఓ ఉదయం అలాగే పడి, గీరుకుపోయిన మోకాలితో కుంటుకుంటూ బడికి వెళ్లాను. ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టినదాన్ని, ఒక కుక్కను కూర్చోబెట్టలేకపోయాను.

అసలు తలవంపులు మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగిన రోజు. అందరం కళ్లు మూసుకుని ఉండగా అది గుమ్మం దగ్గరున్న పాస్టరుగారి చెప్పు కరుచుకుపోయింది. "ఇటు రా" అని అరిచాను. రాలేదు. వెంటపడితే మరింత హుషారుగా పరుగెత్తింది. దొరికేసరికి చెప్పుకు పట్టీ లేదు. మా ఆయన పేపరు చుట్టి రెండు వేశారు. అది మొదటిసారి ఆయన మీద గుర్రుమంది. పాస్టరుగారు "పర్లేదమ్మా" అంటూ మా ఆయన చెప్పులేసుకుని వెళ్లారు.

"దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నారు మా ఆయన. నాకూ ఓపిక అయిపోయింది. టీకాకు తీసుకెళ్లినప్పుడు పశువుల డాక్టరుగారి దగ్గర నా గోడంతా వెళ్లబోసుకున్నాను.

"జబ్బేం కాదండి, వయసు. మీరు దాన్నెప్పుడు పిలుస్తారు?"

"ఏదో ఒకటి పాడు చేసినప్పుడండి."

"వచ్చాక?"

"తిడతానండి."

"మరెందుకొస్తుందండి?" అన్నారాయన నెమ్మదిగా.

ఆ మాటకు నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఏ తప్పూ చేయనప్పుడే పిలిచి, వచ్చినప్పుడల్లా ఉడికిన గుడ్డుముక్క పెట్టాం. నమలడానికి ముడేసిన పాత తువ్వాలు ఇచ్చాం. మా ఆయన పేపరు చుట్టడం మానేశారు. రోజులు గడిచినా మార్పేమీ కనిపించక విసుగొచ్చేది.

ఒకరోజు గేటు తీసి ఉండటంతో అది మేకపిల్ల వెనక రోడ్డెక్కింది. ఎదురుగా రొయ్యల మేత లారీ. అరవబోయి ఆపుకుని, మామూలు గొంతుతో పిలిచి, వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచాను. నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక గోళ్ల చప్పుడు వినిపించింది. దాని చెంప పగలగొట్టాలనిపించింది. గేటు వేసి, వంటింట్లోంచి గుడ్డుముక్క తెచ్చి పెట్టాను.

ఆ సాయంత్రమే దండెం మీది నా కొత్త చీర లాగి కొంగు నమిలింది. ఎవరమూ వెంటపడలేదు. పిలిస్తే చీరతో సహా వచ్చి నా ముందు కూర్చుంది.