కోళ్లగూళ్లకు సున్నం వేసిన శనివారం

ఆ మధ్య ఒకరోజు తెల్లవారి ప్రార్థనకు మోకరించి కళ్ళు మూసుకున్నానో లేదో, మోచేతి మీద ఏదో పాకినట్లయింది. చూస్తే, ఆవగింజలో సగం కూడా లేని ఎర్రటి కోడిపేను. అంతకు ముందే గూటిలో చెయ్యి పెట్టి గుడ్డు తీసి వచ్చాను కాబట్టి ఎక్కడిదో వెతుక్కోవలసిన పని లేకపోయింది. జల్‌పల్లిలో ఈ చిన్న ఇంటికి వచ్చాక, పిలిస్తే పలికే ప్రాణం ఒకటి ఉండాలని సంతలో రెండు పెట్టలను కొన్నాను, వాటితోపాటు ఇవీ వచ్చాయన్నమాట. ప్రభువు క్షమించాలి, ఆ ఉదయం నా ప్రార్థన ఆమెన్ దాకా సాగలేదు. మనసు బార్కస్ బస్తీ వెనుక మా పాత గల్లీకి వెళ్ళిపోయింది.

ఆ గల్లీలో విశ్వాసుల ఇళ్ళు ఏడెనిమిది ఉండేవి, అన్నింటికీ పెరట్లో కోళ్లగూడు ఉండేది. సంఘంలో పెరిగినవారికి నేను చెప్పనక్కరలేదు, కోతపండుగనాడు ఎవరికి కలిగినది వారు దేవునికి తెచ్చి ఇస్తే, ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేసేవారు. అలా మా గుమ్మడికాయ ఒకరింటికి, ఒకరి కోడి మా ఇంటికి చేరేవి. ఒక ఏడు అమ్మ అర్పించిన నల్లపెట్టను మా మేనత్త పోటీపడి పాడుకుంది. పక్షం తిరగకముందే ఆమె గూడంతా పేలు. పాటలు నేర్చుకోవడానికి ఆడవాళ్ళంతా కూర్చున్నచోట మేనత్త, "మా మరదలు దేవునికి కోడినిచ్చిందా, పేన్లనిచ్చిందా?" అనేసింది. అందరూ నవ్వారు, అమ్మ నవ్వలేదు.

అమ్మ పుట్టింటివాళ్ళు దూరం. ఆ గల్లీలో ఆమెకు తోడంటూ ఉన్నది ఆ వదినగారొక్కతే. మనసులో కోపం పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టెకు చెయ్యి చాపకూడదని అమ్మ నమ్మకం, నాదీ అదే. అందుకే ఆ నెల ప్రభువు బల్లకు అందరూ లేచి వెళ్తుంటే, చాప మీద అమ్మ ఒక్కతే తలవంచుకుని కూర్చుంది, ఆమె కొంగు పట్టుకుని పక్కన నేను.

ఇంట్లో మాత్రం మా గూటిలోని పేలతో అమ్మకు యుద్ధమే. పాత గడ్డి తీసి కాల్చింది, కోళ్లు ఎక్కి పడుకునే కర్రల మీద సలసల కాగే నీళ్లు పోసింది, పగుళ్ళలో సున్నం పూసింది, వేపాకు పొడి కలిపిన బూడిదలో కోళ్లను పొర్లనిచ్చింది. మిగిలిన పేల గుడ్లు పగిలి కొత్తవి పుడతాయని, వారం తిరిగాక మళ్ళీ అంతా చేసేది. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ పేలు. చివరికి అమ్మకే తట్టింది, పగలంతా గల్లీ కోళ్లన్నీ ఒకే చెత్తకుప్పను కెలుకుతాయి కదా, మేనత్త గూడు బాగుపడనిదే మా గూడు బాగుపడదని.

మళ్ళీ బల్ల ఆదివారం వస్తుందనగా, ముందురోజు శనివారం, అమ్మ సున్నం బకెట్ పట్టుకుని మేనత్త పెరట్లోకి నడిచి, గూట్లో గడ్డి లాగడం మొదలుపెట్టింది. మేనత్త గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏంది మరదలా, మా ఇంట్ల మనుషులు లేరనుకున్నవా?"

"మనుషులున్నరు గని పని జేసేటోళ్లు లేరు వదినె. ఇన్ని వేడినీళ్లు తేరాదూ."

"గట్ల పైపైన పోసుడు గాదు, సందులల్ల పొయ్యాలె. నాకంటె ముందు సాకినవా కోళ్లను?" అంటూనే మేనత్త నీళ్లు కాగబెట్టడానికి లోపలికి వెళ్ళింది.

వీళ్ళిద్దరినీ చూసి పక్కింటివాళ్ళూ, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళూ గూళ్ళు తెరిచారు. పొద్దు వాలేసరికి గల్లీ అంతా సున్నం వాసన. మర్నాడు అమ్మ, మేనత్త పక్కపక్కనే మోకరించి, గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లగా ఉన్న చేతులను రొట్టెకు చాచారు. పేలు మొదట ఎవరి గూట్లో పుట్టాయో మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ కోతపండుగకు ముందు అన్ని గూళ్ళకూ ఒకేరోజు సున్నం పడేది.

ఇప్పుడు ఆ పెరళ్ళలో మేడలు లేచాయి, కుటుంబాలు తలా ఒక దిక్కు వెళ్ళాయి, అమ్మ, మేనత్త ప్రభువు దగ్గరున్నారు. నేను అమ్మ చేసినట్లే గూడు కడిగి, సున్నం పూసి, పశువుల డాక్టరు ఇచ్చిన మందు చల్లి, వారం తిరిగాక మళ్ళీ చేశాను. రోజూ కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడిచి చూస్తున్నాను, నలిగిన పేను ఎర్రమరక ఒక్కటీ లేదు. ఈ కాలనీలో ఇంకెవరికీ కోళ్లు లేవు కాబట్టి అవి మళ్ళీ రావడానికి దారీ లేదు. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కానీ తెలియకుండానే పాత లెక్కన గల్లీకంతా సరిపడా సున్నం కలిపినట్టున్నాను. బకెట్‌లో సగానికి పైగా మిగిలిపోయింది, పారబోయడానికి చేతులు రాక, తడిగుడ్డ కప్పి గుమ్మం పక్కన పెట్టాను.