రంగం నుంచి బయల్దేరినవాడు

మా చోడవరం వైపు విదేశం అనే మాటకు పెద్ద గౌరవం ఉండేది కాదు. గోవాడ వెళ్ళినా, బుచ్చయ్యపేట వెళ్ళినా వీధికి నలుగురు రంగం వెళ్ళివచ్చినవాళ్ళు కనిపించేవారు. యూనివర్సిటీలో రంగూన్ అనేవారు, మావాళ్ళకది రంగం. రేవులో మూటలు మోయడానికి, ధాన్యం మిల్లుల్లో కూలికి, పడవలు నడపడానికి వెళ్ళేవారు. అందుకే వాల్తేరులో ఎం.ఏ. చదువుతున్న నన్ను ఒక టెర్ము చదువుకు బర్మా పంపిస్తున్నారని తెలిసినప్పుడు మా వీధిలో ఎవరూ గర్వపడలేదు. కొందరు జాలిపడ్డారు.

"రంగం కూలికెళ్ళినోళ్ళని సూసేం గానీ సదూకెళ్ళినోణ్ణి సూళ్ళేదురా. ఇక్కడి సదువు సరిపోలేదేటి నీకు?" అన్నాడు మా పెదనాన్న.

సరిపోకపోవడం కాదు, పట్టకపోవడం. నేను చదివేది అర్థశాస్త్రం. అందులో నాకు బోధపడింది అర్ధశాస్త్రమే. రెండు దేశాలకూ కొత్తగా స్వాతంత్ర్యం వచ్చింది, కొత్తగా స్నేహం కుదిరింది, కనక వాళ్ళ విద్యార్థి ఒకడు ఇక్కడికి, మన విద్యార్థి ఒకడు అక్కడికి అని పెద్దలు ఒప్పందం చేసుకున్నారు. అదే లండన్ అయితే తోపులాట జరిగేది. రంగూన్ అనేసరికి ముందుకొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్ళు పంపిన కుర్రాడు వాళ్ళ తరగతిలో మొదటివాడట. మారకంలో ఎవరు మోసపోయారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ప్రయాణానికి ఎదురుచూసిన మనిషి మా ఇంట్లో ఒకరే. మా పిన్ని, అంటే మా నాన్న తమ్ముడి భార్య.

చిన్నాన్న పెళ్ళయిన మరుసటేడు రంగం వెళ్ళాడు. తర్వాత యుద్ధం వచ్చింది, రంగం మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. మొదట్లో ఓడలెక్కి తిరిగొచ్చినవాళ్ళు "మేమొచ్చీనాటికి రేవులోనే ఉన్నాడు, బాగానే ఉన్నాడు" అన్నారు. ఆ తర్వాత కబురు లేదు. అక్కడే ఉండిపోయాడన్నారు. బర్మా పిల్లని, మావాళ్ళ మాటలో బర్మా గుంటని, కట్టుకుని, సిల్కు లుంగీ చుట్టుకుని కులాసాగా ఉండుంటాడన్నారు. ఈ మాటలు పిన్ని వినేలాగే అనేవారు.

పిన్ని నుదుట బొట్టుండేది. చేతులకు గాజులుండేవి. పేరంటానికి పిలుపు మాత్రం ఉండేది కాదు. పిలిస్తే ఏమవుతుందో, పిలవకపోతే ఏమవుతుందో తెలియక ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె ఉన్న వీధిలోకి మరీ పొద్దుపోయాక, పసుపు కుంకాలు అయిపోయాయని చెప్పుకునే వేళకు వచ్చేవారు.

మావైపు జాడ తెలియని మనిషి కోసం పన్నెండేళ్ళు చూస్తారు. ఆ తర్వాత గడ్డితో బొమ్మ కట్టి, మనిషికి చేసినట్టే దహనం చేసి, కర్మ జరిపిస్తారు. లేకపోతే ప్రేతమై తిరుగుతాడని నమ్మకం. నేను రంగం వెళ్ళే ఏటికి ఆ పన్నెండేళ్ళు నిండాయి. కర్మ జరిపించేద్దామని పెదనాన్న తేల్చాడు.

పిన్ని తన బావగారితో ఎదురుపడి మాట్లాడకూడదు. పెరట్లో చింతపండు గింజలు తీస్తూ, వీధివైపు గుమ్మంలో కూర్చున్న ఆయనకు వినబడేలా నాతో మాట్లాడింది.

"మీ పెదనాన్నతో సెప్పు బాబూ. నువ్వు రంగమే ఎల్తన్నావు కదా. నువ్వొచ్చీదాకా ఆగమను."

"మీ పిన్నితో సెప్పు. పన్నెండేళ్ళు ఆగేం," అన్నాడాయన.

"పన్నెండేళ్ళు ఆగినోళ్ళు సెరుకు కోతలదాకా ఆగలేరేటని అడుగు."

"ఈడేటి వెతుకుతాడు? సోడారం సంతలో ఇడిసిపెడితే ఇంటికి దారి తెలవదు ఈడికి!"

ఈ చివరి మాట ఎవరికి అందించాలో తెలియక నేను మధ్యలో నిలబడిపోయాను. నా జీవితంలో మొదటి దౌత్యం అదే. ఎలాగో ఫలించింది. నేను తిరిగొచ్చేదాకా ఆగుతానని పెదనాన్న ఒప్పుకున్నాడు.

తర్వాత పిన్ని నన్ను దగ్గరికి పిలిచింది. "సచ్చిపోయేడంటే సచ్చిపోయేడనే సెప్పు. ఎవర్తినైనా కట్టుకున్నాడంటే అదీ సెప్పు. దానికి పిల్లలెంతమందో కూడా సూసిరా. నా దగ్గర దాసకు."

కలకత్తా నుంచి ఓడలో వెళ్ళాను. నా రంగప్రవేశం వాంతులతో జరిగింది. ఓడలో మొదలైనవి హాస్టల్లో నాలుగు రోజులు సాగాయి. వాళ్ళు ప్రతి కూరలోనూ కలిపే పులిసిన చేపముద్ద వాసన నేను భరించలేకపోయాను. నేను జాడీతో తెచ్చుకున్న ఆవకాయలోని ఇంగువ వాసన నా గదిలో ఉండే బర్మా కుర్రాడు భరించలేకపోయాడు. ఒక ఒప్పందానికొచ్చి రెండు కిటికీలూ తీసే ఉంచాం. అది వానాకాలం. ఆ దేశంలో వాన కురవడమంటే ఆగకపోవడం. నా బట్టలూ పుస్తకాలూ బూజు పట్టాయి. బుర్ర సంగతి ముందునుంచీ అంతే.

వీధిలోకి వెళితే జనం నన్ను "కొరంగీ" అనేవారు. తెలుగు కూలీలను వాళ్ళు పిలిచే పేరది. దానికి తగిన చూపొకటి ఉండేది. ఆ చూపు నేను ఎం.ఏ. అని చెప్పినంత మాత్రాన మారేది కాదు. తరగతిలో బర్మా బియ్యం ఎగుమతి గురించి చెప్పేవారు. భూమి, పెట్టుబడి, శ్రమ. మా జిల్లా మగవాళ్ళందరూ ఆ మూడో మాటలో ఇరుక్కుని ఉండేవారు. ఆచార్యుడు దాన్ని గబగబా చెప్పి, తర్వాతి పేజీ తిప్పేవాడు.

ఆదివారాలు రేవు పక్కన మనవాళ్ళ బస్తీకి వెళ్ళేవాణ్ణి. తడకల ఇళ్ళు, కింద బురదనీళ్ళు. మొదటిసారి పంట్లామూ బూట్లూ వేసుకుని వెళ్ళాను. పరదేశీల కాగితాలు తనిఖీ చేసే ఆఫీసరనుకుని బస్తీ మొత్తం లోపలికి దూరింది. రెండోసారి పంచె కట్టుకుని వెళ్ళి చిన్నాన్న పేరు అడిగాను. ఎవరికీ తెలియదు. చాలా వారాలు అలాగే అడిగాను. చివరికి ఒక ముసలావిడ నామీద జాలిపడింది.

"పేరుతో ఇక్కడ ఎవలు పిలుస్తారు బాబూ? జట్టులో అందరికీ ఊరే పేరు. ఏ ఊరోడో సెప్పు."

చోడవరమని చెప్పాను. చిన్నప్పుడు మరుగుతున్న బెల్లం పాకం పడి ముంజేయి కాలిన మచ్చ ఉండేదని చెప్పాను. ఆవిడ నన్ను మేస్త్రీ దగ్గరికి పంపింది. యుద్ధానికి ముందు చిన్నాన్న పనిచేసిన జట్టును నడిపినవాడు. మొసలిలా గట్టిపడ్డ వీపుతో అరుగుమీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"సోడారపోడా? సెయ్యి కాలినోడా?" అంటూ లేచి కూర్చున్నాడు. నల్లటి ముఖం వెలిగింది. "ఆడికేటి బాబూ, మారాజు! ఎప్పుడో ఇంటికెళ్ళిపోనాడు కదా. నువ్వు ఆడి కొడుకువా ఏటి?"

"అన్న కొడుకుని."

"ఎలాగున్నాడు? పిల్లలెంతమంది?"

"రాలేదు," అన్నాను.

"ఏటి రాలేదు?"

"చిన్నాన్న ఇంటికి రాలేదు."

మేస్త్రీ తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జరిగింది చెప్పాడు. బాంబులు పడ్డాక ఓడలో చోటు దొరలకూ డబ్బున్నవాళ్ళకూ మాత్రమే దొరికేది. ప్రోము మీదుగా కొండలు దాటి నడిచిపోదామని కొందరు జట్టు కట్టారు. మేస్త్రీకి జ్వరం.

"ఆగరా, నాలుగ్రోజులాగితే ఏదో ఓడొస్తాది అన్నాను. ఇన్లేదు. 'నువ్వాగు మేస్త్రీ, నేనాగను. గుంట ఒక్కత్తీ ఉంది ఇంటికాడ' అన్నాడు. ఎనక్కి కూడా సూడకుండా ఎల్లిపోనాడు. ఈ పన్నెండేళ్ళూ ఆణ్ణి తలుసుకుని కుళ్ళుకున్నాను బాబూ. నేనీ బురదలో పడున్నాను, ఆడు పెళ్ళాం పక్కన కూకుని సోడంబలి తాగుతన్నాడని."

నడిచి హాస్టలుకు వచ్చాను. ఇక్కడివాళ్ళకు చిన్నాన్న మా ఇంట్లో ఉన్నాడు. మా ఇంట్లోవాళ్ళకు ఇక్కడ ఉన్నాడు. రెండుచోట్లా కాస్త అసూయ, కాస్త కోపం పెట్టుకుని అతను సుఖంగా ఉన్నాడనే నమ్మారు. మధ్యలో ఉన్న దారిని ఎవరూ తలుచుకోలేదు.

ఈ సంగతి నా గది కుర్రాడికి చెప్పాను. అతనిది ప్రోము దగ్గర ఊరు. మధ్యాహ్నం, బయట వాన. ఎప్పుడూ ఏదో ఒక పరిహాసం చేసేవాడు, ఆరోజు లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత, "నాకు మీ భాషలో ఒక్క మాట వచ్చు," అన్నాడు.

ఏమిటన్నాను.

"నీళ్ళు."

వాళ్ళ ఇళ్ళముందు బాటసారుల కోసం నీళ్ళకుండలు పెడతారు, పుణ్యమని. ఆ ఏడు మనవాళ్ళు వాళ్ళ ఊరి మీదుగా తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా నడుస్తూనే ఉన్నారట. అతను చిన్నపిల్లాడు. వాళ్ళమ్మ కుండలు నింపుతూనే ఉండేది. తర్వాత కలరా వచ్చింది. తాగినవాళ్ళు కుండల పక్కనే పడిపోవడం మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున ఆమె కుండలన్నీ బోర్లించి, పిల్లలను లోపలికి లాగి తలుపు వేసుకుంది. లోపలినుంచి వినేవాళ్ళమని చెప్పాడు. తలుపు అవతల అందరూ ఒకే మాట అనేవారట.

అతను క్షమించమనలేదు. నేను క్షమించడానికి ఎవర్ని? వాళ్ళమ్మ స్థానంలో మా పిన్ని ఉన్నా అదే చేసి ఉండేదేమో. ఆ టెర్ములో నేను నేర్చుకున్నది అదొక్కటే, పరీక్షలో అది అడగలేదు.

ఇంటికి ఈ సంగతి రాయలేదు. నా ఉత్తరం వస్తే పెదనాన్న అరుగుమీద కూర్చుని అందరికీ వినబడేలా చదివించుకునేవాడు. ఈ మాట ముందు పిన్నికే చెప్పాలనుకున్నాను. కార్తీకంలో తిరిగొచ్చాను. చెరుకు ఇంకా చేలల్లోనే ఉంది. పిన్ని పెరట్లో ఉంది. నన్ను చూడగానే చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"సెప్పు," అంది.

మేస్త్రీ చెప్పినట్టే చెప్పాను. ఎవర్నీ కట్టుకోలేదని, నడిచే జట్టుతో బయల్దేరాడని, ఆగమన్నా ఆగలేదని. చివరి మాట దగ్గర నన్ను ఆపింది.

"మళ్ళీ సెప్పు. ఏటన్నాడట?"

"గుంట ఒక్కత్తీ ఉంది ఇంటికాడ అన్నాడట."

"ఆ మాటే అన్నాడా? నువ్వు కలపలేదు కదా?"

"ఆ మాటే పిన్నీ."

అలా మూడు నాలుగుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "దారిలో ఎవరైనా నీళ్ళిచ్చేరంటావా?" అంది.

"కొన్ని ఊళ్ళలో ఇచ్చారట. ఇంటిముందు కుండలు పెట్టి."

అక్కడితో ఆపాను. ఆమె లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ముఖం కడుక్కుని, బొట్టు మళ్ళీ దిద్దుకుని ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ ముఖం అంత ప్రసన్నంగా ఉండటం చూడలేదు.

"మీ పెదనాన్నతో సెప్పు బాబూ. బొమ్మ కట్టమను."

నేను అదిరిపోయాను. "చచ్చిపోయాడని మేస్త్రీ అనలేదు పిన్నీ. బయల్దేరాడనే అన్నాడు."

"అదే మరి. ఎవర్తితోనో అక్కడుండిపోయేడంటే బతికున్నాడనుకుందును. పోనీలే, ఎక్కడో కాడ ఉన్నాడు కదాని ఈ గాజులేసుకు తిరిగేను. నా కోసం బయల్దేరినోడు రాలేదంటే ఇంకేటుంది? లేడు."

ఊరందరూ అన్నేళ్ళు అన్న మాటలన్నీ తప్పని రుజువు చేసే వార్త మోసుకొచ్చాను. అది విన్న పూటే ఆమె విధవ అయింది.

ఏటొడ్డున వరిగడ్డి పరిచారు. పెదనాన్న తనే బొమ్మ కట్టాడు. చెరుకుమోపులు కట్టే చేతులవి, ముడి మీద ముడి వేసుకుంటూ పోయాడు. తలకు కొబ్బరికాయ పెట్టారు. పెట్టె అడుగున దాచిన చిన్నాన్న పంచె చుట్టారు. ఆడవాళ్ళు రాకూడదన్నా పిన్ని వచ్చింది, గట్టుమీద నిలబడింది.

"కాళ్ళకాడ ఇంకా గట్టిగా కట్టమను బాబూ," అంది. "సానా దూరం నడిసేడు."

పెదనాన్న వేసిన ముడి విప్పి, మళ్ళీ బిగించి కట్టాడు. ఆయన ముఖం కిందికే ఉంది.

బొమ్మను పేర్చిన కట్టెల మీద పడుకోబెట్టేటప్పుడు పిన్ని మళ్ళీ అడ్డొచ్చింది. కాళ్ళు ఊరివైపు ఉండాలంది. ఊరు మాకు పడమటన ఉంది. శాస్త్రం ఒప్పదన్నాడు పురోహితుడు, తల దక్షిణానికే ఉండాలన్నాడు.

"శాస్త్రం నడిసిందేటి? ఆడు నడిసేడు," అంది పిన్ని.

పురోహితుడు పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న వంగి బొమ్మను ఊరివైపు తిప్పాడు. కొడుకులు లేరు గనక అన్న కొడుకుగా కొరివి నేను పెట్టాను. మొదటిసారి అంటుకోలేదు. అంటుకున్నాక మాత్రం పురోహితుడి మంత్రం సగంలో ఉండగానే గడ్డి మొత్తం కాలిపోయింది. మిగతా మంత్రం ఆయన బూడిదకు చదివాడు.

గాజులు తియ్యడానికి పక్కింటి ముసలావిడ రాయి పట్టుకుని వచ్చింది. పిన్ని రాయి తన చేతికిమ్మంది. గట్టుమీద కూర్చుని, ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చేత్తో తనే కొట్టుకుంది. ఒక పెంకు మణికట్టులో దిగింది. నేను పై తువ్వాలు చింపి కట్టబోయాను.

"ఉండనీ బాబూ," అంది. "నొప్పి తెలుస్తంది."