ఖాళీ ఊర్లో చెంబెడు నీళ్ళు

దయ్యాల సంగతి ఎత్తేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. పగలంతా చేలో వంగి పనిచేసి రాత్రి పడుకుంటే, దయ్యం కాదు కదా, దొంగ వచ్చి పక్కన కూర్చున్నా నాకు మెలకువ రాదు. మా ఇంట్లోనూ చావులు జరిగాయి. పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఇప్పుడు కూడా వచ్చారని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో కోపం వచ్చి నాలుగు మాటలు ఎక్కువ పడితే ఏమనుకోకండి.

మాది అనంతపురానికి పడమటగా, మెట్ట నేలల్లో ఉన్న చిన్న పల్లె. ఆ ఏడు వానల్లేక శనక్కాయ పంట చేలోనే మాడిపోయింది. అది మాకు కొత్త కాదు. కానీ మాఘమాసానికే ఊరి బోరు కూడా నీళ్ళు మానేసి గాలి కక్కింది. కరువు వచ్చిందని పైవాళ్ళు ఒప్పుకున్నారు. నీళ్ళు లేని ఊర్లకు ట్యాంకర్లు తోలుతామన్నారు. చుట్టుపక్కల ఊర్లన్నిటికీ ట్యాంకరు వచ్చింది, మా ఊరికి తప్ప.

అప్పటికి మా పెద్దమ్మాయి సుజాత తొలికాన్పుకు వచ్చి ఉంది. పౌర్ణమి దాటిన కొన్నాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. పురిటి ఇంట్లో నీళ్ళు ఎంత కావాలో తల్లులకు నేను చెప్పనక్కరలేదు. బాలింతకు పోయాలి, బిడ్డకు పోయాలి, గుడ్డలు ఉతకాలి. మా ఆయన బైకుకు బిందెలు కట్టుకొని పక్క ఊరికి పోతే, మా ట్యాంకరు నీళ్ళు మీకెందుకని తరిమారు. వాళ్ళను నేనేమీ అనను, వాళ్ళ బిందెలూ నిండలేదు.

ఐదో నెల వచ్చేదాకా తల్లీబిడ్డల్ని నా దగ్గరే ఉంచుకోవాలని నా ఆశ. నీళ్ళు రాకపోతే పచ్చి బాలింతను సోమందేపల్లెకు, అత్తగారింటికి పంపేయాలి. పుట్టింట్లో కడుక్కునేదానికి నీళ్ళు లేక వచ్చిందనే మాట నా కూతురు ఆ ఇంట్లో జన్మంతా పడాలి. నాకు నిద్ర పట్టకుండా చేసింది అదొక్కటే.

ఇక తిరగడం మొదలుపెట్టాను. మా గ్రామ సచివాలయంలో అమ్మాయి మండలాఫీసుకు పొమ్మంది. అక్కడివాళ్ళు నీళ్ళ శాఖ వేరే అన్నారు. నీళ్ళ శాఖ ఇంజనీరు మీటింగులో ఉన్నాడు. నేను ఎప్పుడు పోయినా ఆయన మీటింగులోనే ఉన్నాడు. కరువు సాయానికి ఫోన్ చేయండని గోడ మీద ఒక నంబరు రాసి ఉంటే అదీ చేశాను. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెప్పి చెప్పి చివరికి పాట పెట్టారు. నీళ్ళకు అల్లాడేవాళ్ళకు పాట వినిపించాలనే బుద్ధి ఎవడికి పుట్టిందో, వాడి నోట మన్ను పడ.

చివరికి ఒక గుమాస్తా జాలిపడి అసలు సంగతి చెప్పాడు. మా ఊర్లో నీళ్ళకు ఇబ్బంది లేదని సర్వేకు వచ్చిన మనిషే తేల్చాడట. అతను ఎప్పుడు వచ్చాడయ్యా అని అడిగాను. పౌర్ణమి నాడు, మిట్టమధ్యాహ్నం అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎందుకంటే మాఘ పౌర్ణమి నాడు మా ఊర్లో మనిషనేవాడు ఉండడు. తాతల నాటినుంచీ అదే ఆచారం. ముందు రాత్రే పొయ్యిలు ఆర్పేస్తాం. తెల్లవారక ముందే ఇళ్ళకు తాళాలేసి, గొడ్డూ గోదా, పిల్లా జెల్లా, మంచాన పడ్డ ముసలివాళ్ళతో సహా గుట్ట అవతల తోపులోకి పోతాం. పొద్దు గూకాకే తిరిగొస్తాం. అప్పటిదాకా ఊర్లో పొయ్యి రాజకూడదు, దీపం వెలగకూడదు. ఆ ఏడు నిండుచూలాలు సుజాతను ట్రాక్టరులో దుప్పట్లు పరిచి తీసుకుపోయాం. మా ఇంటి తాళం నేనే వేసి, నేనే లాగి చూశాను.

అంటే ఆ మనిషి మా ఊరికి రాలేదన్నమాట. ఎక్కడో టీ అంగట్లో కూర్చొని నోటికొచ్చింది చెప్పేశాడు. మా గొంతు కోశాడు. ఈ లెక్క తేల్చుకుందామని నేనూ మా ఆయనా మండలాఫీసుకు పోయాం. అతను వరండాలోనే దొరికాడు. ముప్పయ్యేళ్ళుంటాయేమో, కదిరి అవతలనుంచి కొత్తగా వచ్చినవాడు. నేను అందరి ముందరే నిలబెట్టి అడిగాను.

"ఎవురూ లేని ఊర్లో ఎవురిని అడిగినావప్పా నువ్వు?"

అతను తడబడలేదు. అబద్ధమాడే మొహం నాకు తెలుసు. ఏటా శనక్కాయ దళారులతో బేరమాడేదాన్ని.

"ఊర్లో ఎవురూ కనపడల్యాక్కా, నిజమే. రోడ్డు మీద నుంచి వస్తే మొదటి ఇల్లు, నీలం తలుపుల్ది. ఆడ ఒక అవ్వ ఉండాది. తలుపు తీసే ఉన్నింది" అన్నాడు.

అది మా ఇల్లు.

మిగతాది కూడా అతనే చెప్పాడు. దాహమేసి నీళ్ళడిగితే అవ్వ ముందు బెల్లం ముక్క చేతిలో పెట్టిందట. కూర్చుంటేగానీ చెంబు ఇవ్వలేదట. ఆమె కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకుపోయి ఉంటే, చెంబు కింద ఎడమ అరచెయ్యి పట్టి అందించిందట. నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయట. మీ ఊర్లో నీళ్ళకు కష్టంగా ఉందా అవ్వా అని అడిగితే ఆమె అన్న మాటను అతను ఆమె యాసలోనే చెప్పాడు.

"మాకు నీళ్ళకేం తక్కువ ల్యా నాయనా. వచ్చినోళ్ళకు పోసి పంపేంత ఉండాయి."

ఆ మనిషి చెప్పింది మా ఆయన వాళ్ళమ్మ గురించి. మా అత్త నరసమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు.

కొడవలి కోసుకొని ఆ రెండు వేళ్ళు అలా అయ్యాయి. గడప తొక్కినవాళ్ళకు బెల్లం పెట్టి నీళ్ళివ్వడం ఆమె పద్ధతి. నీళ్ళు లేవనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రానిచ్చేది కాదు. నేను ఎండలో అంత దూరంనుంచి మోసుకొచ్చిన బిందె, దారినపోయేవాళ్ళకు పోసి మహాతల్లి అనిపించుకునేది. పేరు ఆమెకొచ్చింది, నడుము నాది విరిగింది.

ఎవరైనా అతనికి చెప్పి ఉంటారా అని చాలా ఆరా తీశాను. ఆ ఆఫీసులో మా అత్తను ఎరిగినవాళ్ళు లేరు. పౌర్ణమి నాడు వెనక్కి ఉండిపోయిన ముసలామె ఎవరైనా ఉందేమోనని ఇంటింటా అడిగాను. అందరూ తోపులోనే ఉన్నారు. ఆ సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. కుండ అడుగున నేను వదిలిపోయిన కాసిని నీళ్ళు అలాగే ఉన్నాయి. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి.

అయినా నా కోపం ఆ మనిషి మీద తగ్గలేదు. కుక్క కూడా మొరగని ఊర్లో నిలబడి, ఇదేమిటని నీకు అనిపించలేదా? ఒక ముసలామె మాట పట్టుకొని ఊరంతటికీ నీళ్ళు ఉన్నాయని తేల్చేస్తావా? బతికున్నవాళ్ళం ఆఫీసు మెట్ల మీద గొంతు చించుకుంటే ఒక్కడూ వినలేదు. చచ్చిపోయినామె ఒక్క మాట అంటే నమ్మేశారు.

మళ్ళీ సర్వే చేశారు. ఉగాది దాటాక ట్యాంకరు వచ్చింది. వచ్చి సరిగ్గా మా ఇంటి ముందరే నిలబడింది. అప్పటికి సుజాతను, రెండు నెలలు కూడా నిండని బిడ్డను పంపేసి వారమైంది. వియ్యపురాలు అనాల్సిన మాట అననే అంది. నా కూతురు ఆ సంగతి ఫోన్లో చెప్పి ఏడ్చింది.

ఆ మనిషి అబద్ధమాడాడనుకుంటే ముడుచుకుపోయిన ఆ వేళ్ళు అతనికెలా తెలిశాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నిజం చెప్పాడనుకుందామంటే నా మనసు ఒప్పదు. మా ఆయన మాత్రం అమ్మ సమాధి దగ్గర కొబ్బరికాయ కొట్టి వద్దాం రమ్మంటాడు. నేను పోలేదు. భయపడి కాదు. నిజంగా ఆ ఇంట్లో ఆమె దగ్గర అన్ని చల్లటి నీళ్ళే ఉంటే, దారినపోయే సర్వే మనిషికి ఎందుకు పోసింది? కాన్పై పడుకున్న మనవరాలికి ఒక్క చెంబెడు పోయడానికి చేతులు రాలేదా ఆ మహాతల్లికి?